చాయ్ దగ్గర తీయించిన రెండు వరుసలు

నా పేరు మీద ఉన్న రెండు వరుసల కోడ్ కొన్నేళ్లుగా నన్ను స్థిమితంగా ఉండనివ్వడం లేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

కంప్యూటర్ తెర మీద బొమ్మలు వేయించే ఒక గ్రాఫిక్స్ డ్రైవర్‌కు నేను రివ్యూయర్‌ని. ఓపెన్ సోర్స్ పని, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్పులు పంపొచ్చు; జీతం లేదు. ఎవరు మార్పు పంపినా ఇంకొకరు చదివి, చూశానని కింద పేరు పెట్టాలి. చర్చంతా అందరికీ కనిపించే మెయిళ్లలోనే జరగాలి.

అలా మార్పులు పంపేవాళ్లలో గౌస్ భాయ్ ఒకడు, అతనిది జల్‌పల్లి. కాటేదాన్‌లో ప్యాకింగ్ మెషీన్లు బాగుచేస్తూ సొంతంగా కోడ్ నేర్చుకున్నాడు. ఈ డ్రైవర్ పనిలో పేరొస్తే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరుకుతుందని అతని ఆశ. మెమరీ మ్యాపింగ్‌లో, అంటే ప్రోగ్రామ్ అడిగిన మెమరీని దానికి అప్పగించే చోట, ఒక మార్పు రాశాడు. అడిగినది దాని వాటా దాటుతోందా అని చూసే రెండు వరుసలు అందులో ఉన్నాయి.

ఒక ఆదివారం శంషాబాద్ బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతూ అన్నాను.

"గీ రెండు లైన్లు ఎందుకు భాయ్? పైన కోడ్ చూసుకుంటది. తీసెయ్."

"తీస్తే పరేషాన్ గాదా అన్నా? జర మళ్లోసారి చూడు."

"నేను చూసిన. ఏం గాదు."

చూడలేదు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, నాకు చూడాల్సిన పనేముందనుకున్నాను. అతను తీసేసి మళ్లీ పంపాడు. నేను పేరు పెట్టాను.

కొన్ని నెలలకు లోపం బయటపడింది. ఒక ప్రోగ్రామ్ మరొకదాని బొమ్మలను చదివేయగలుగుతోంది. మొదట ఉన్న తనిఖీని ఎందుకు తీశావని మెయిల్లో అతణ్ణి నిలదీశారు; కింద పేరు పెట్టిన నాది మాత్రం చిన్న పొరపాటు అనుకుని వదిలేశారు. తప్పు నాదే అని ఒక్క ముక్క రాశాడు. నా పేరెత్తలేదు. చాయ్ దగ్గర అన్న మాటకు మెయిల్లో ఆనవాలు ఉండదు. నేను చెప్తానని ఎదురుచూశాడా? చూసే ఉంటాడు. నేను నోరు మెదపలేదు. పైగా ఆ రెండు వరుసలనే తిరిగి చేర్చి, సరిదిద్దినట్టు నా పేరుతో పంపాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత అతను పంపినవి ఎవరూ తెరిచి చూడలేదు. కొన్నాళ్లకు పంపడం మానేశాడు.

భయపడి ఊరుకున్నానా, లేక మెషీన్లు బాగుచేసే మనిషి మాట నిజమై నా మాట తప్పడం ఓర్వలేకపోయానా అని ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా, రెండోదేనని నాకు తెలుస్తూనే ఉంటుంది.

పోయిన వారం పహాడీ షరీఫ్ దారిలో ఎదురయ్యాడు. చేతులకు గ్రీజు.

"మంచిగున్నవా అన్నా?" అన్నాడు. కోడ్ ఊసెత్తలేదు. తిట్టినా బాగుండేది.

తీసెయ్ అన్నది నేను. చూశానన్నది అబద్ధం. ఆ రెండు వరుసలు గౌస్ భాయ్‌వి. ఆ మెయిళ్లలో కాకపోయినా, ఈ మాట ఇక్కడ ఒక్కసారైనా రాశాను.