ఐదూ యాభై ఏడుకి అత్త హాజరు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటి నుంచీ పడదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "టైమెంతయింది? లైటు వెలుగుతోందా? నువ్వు తిన్నావా?" అని అడిగి వాళ్ల ఉత్సాహం నీరుగారుస్తాను. నా ఉద్యోగమూ అలాంటిదే. కలకత్తాలో, సాల్ట్ లేక్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ప్రోగ్రాము ఎక్కడ తప్పు చేస్తోందో, ఎందుకు చేస్తోందో పట్టుకోవడం నా పని. కారణం లేని తప్పు ఉండదని కొత్తగా చేరిన పిల్లలకి ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. పోయిన చలికాలం నుంచి ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

మాది పార్వతీపురం. పెళ్లయి కలకత్తాలోనే ఉన్న ఖిదిర్‌పూర్ వచ్చాను. మా అత్త పైడమ్మ ఇక్కడే పుట్టింది. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వీధులు ఊడ్చే పనిలో చేరాడు. ఆయన తర్వాత ఆ పని అత్తకొచ్చింది. పొద్దున ఆరింటికి వార్డు ఆఫీసులో హాజరు పడాలి. ఇదివరకు పేర్లు పిలిచేవారు, ఇప్పుడు వేలిముద్ర మెషీను. వేలు పట్టగానే ఫోనుకి మెసేజ్ వస్తుంది. అత్తకి చదువు రాదు కాబట్టి నా నంబరే ఇచ్చాం.

అత్తకి పెద్దపేగులో కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయ్యాక, అది మళ్లీ రాకుండా కీమో ఇవ్వాలన్నారు. మూడు వారాలకొకసారి ఆసుపత్రిలో డ్రిప్పు, ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో మాత్రలు, ఒక వారం విరామం.

నాకు ప్రతిదీ అడిగి తెలుసుకోవడం అలవాటు. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. కేన్సర్ కణాలు ఆగకుండా రెట్టింపవుతూ ఉంటాయట. అలా గబగబా పెరిగే కణాల్ని ఈ మందు పట్టి చంపుతుంది. కానీ ఒంట్లో మంచి కణాలు కూడా కొన్ని అదే వేగంతో పెరుగుతాయి. నోటి లోపలి పొర, పేగు పొర, చర్మం, మూలుగలో రక్తం తయారయ్యే చోటు. ఎవరు మనవాళ్లో ఎవరు కాదో మందుకి తెలియదు. అందుకే నోట్లో పుళ్లు, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం. తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు జ్వరమొస్తే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుందని, వంద దాటితే వెంటనే తీసుకురావాలని నర్సు నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.

డ్రిప్పు వల్ల చల్లటిదేదీ ముట్టుకోలేకపోయేది. స్టీలు గ్లాసు పట్టుకున్నా ఉలిక్కిపడేది. మాత్రల వల్ల అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి పొరలు పొరలుగా ఊడాయి. మూడో విడత అయ్యేసరికి వేళ్ల మీద గీతలు పోయాయి. నమ్మకం కుదరక బొటనవేలిని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. నున్నగా ఉంది.

అప్పటికి అత్త సెలవులో ఉంది. హాజరు వేయాల్సిన పనే లేదు. అయినా ఓపిక ఉన్నప్పుడల్లా పొద్దున్నే వెళ్లి వేలు పెట్టి వచ్చేది. సూపర్‌వైజర్ బెంగాలీ ఆయన, నవ్వి ఊరుకునేవాడు. ఎందుకత్తా అంటే, "పెట్టకపోతే మెషీను నన్ను మరిసిపోద్దే" అనేది. మెషీను ఎవర్నీ మరిచిపోదని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు.

గీతలు పోయాక మెషీను పట్టడం మానేసింది. ఎర్రలైటు వెలిగి కీచుమనేది. అత్త ఇంటికొచ్చి వేలికి కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్లీ వెళ్లేది. మూడు వారాలు ఇదే తంతు.

"మెషీను అద్దం సల్లగా ఉంటాది, ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టుంటాది. అయినా పట్టదు. మరి నానెవుల్నే?" అంది ఒకరోజు. ఆపరేషనప్పుడు కూడా ఏడవని మనిషి ఆ మాట అంటూ కళ్లు తుడుచుకుంది.

జనవరిలో నాలుగో విడత నడుస్తోంది. తెల్లకణాలు బాగా పడిపోయాయి, పదిమందిలోకి పంపొద్దన్నారు. ఆ సాయంత్రం అత్త "రేపొకపాలి ఎల్లొస్తాను" అంది. నాకు ఒళ్లు మండింది. "నువ్వు పోతే ఆ మెషీను ఏడుస్తుందా?" అని అరిచాను. ఆమె చెప్పులు తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక దాచాను. అత్త గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అన్నానికి రాలేదు. నేనూ పిలవలేదు. అది నా పొగరే, వేరే పేరు పెట్టను.

మా ఆయన చెత్త లారీ నడుపుతాడు, మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లిపోయాడు. అతను వెళ్లాక వీధి తలుపు లోపలి గడియ నేనే వేశాను. టీ పెడుతుంటే ఫోను మోగింది. పైడమ్మ, హాజరు, 5:57.

స్టవ్ కట్టేశాను. ఆ పుండ్ల పాదాలతో, చెప్పులు లేకుండా వెళ్లిందా! కనీసం మాస్కూ శాలువా అయినా పట్టుకెళ్లిందో లేదో చూద్దామని ఆమె గది తలుపు తోశాను.

అత్త మంచం మీదే ఉంది. దుప్పటి నేల మీదికి జారిపోయింది. ఒళ్లంతా వణుకు, పళ్లు కటకటా కొట్టుకుంటున్నాయి. పిలిస్తే పలకలేదు. థర్మామీటరు నూట మూడు చూపించింది.

ఆరున్నరకల్లా ఆసుపత్రిలో ఉన్నాం. ఆటో కోసం బయటికి వచ్చేటప్పుడు చూశాను, వీధి తలుపు గడియ వేసినట్టే ఉంది. చెప్పులు బియ్యం డబ్బా వెనకే ఉన్నాయి. అత్త నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదన్నారు డాక్టరుగారు. నేను రోజూ ఆఫీసుకి బయలుదేరేది ఎనిమిదింటికి. ఆ మెసేజ్ రాకపోతే, అలిగి ఉన్నదాన్ని, ఆ తలుపు ముట్టుకోకుండా వెళ్లిపోయేదాన్ని.

అత్త కోలుకున్నాక నేను నా పని మొదలుపెట్టాను. పాత మెసేజ్ ఆలస్యంగా వచ్చిందా అంటే, తేదీ ఆ రోజుదే. వేరే ఎవరి వేలో అత్త పేరు మీద పడిందేమోనన్నాడు మా ఆయన. వార్డు ఆఫీసుకి వెళ్లి అడిగాను. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ ఎవరి హాజరు వాళ్లకి పడింది. పైగా, ఆఫీసు తాళం తీసింది సూపర్‌వైజర్. తీయగానే మొదట ఆయనే వేలు పెట్టాడు. అదే మెషీనులో ఆయన టైము 6:02.

అంటే తాళం తీయకముందే అత్త హాజరు పడింది. మెషీను పాడైందేమో అన్నాను. ఆ ముందు రోజు గానీ తర్వాత గానీ ఇలాంటిది ఒక్కటి కూడా లేదు. "వదిలెయ్ బౌదీ, మనిషి బతికింది కదా" అన్నాడాయన బెంగాలీలో. వాళ్లు వదినని అలా పిలుస్తారు.

అత్తని మాత్రం చాలా రోజులు అడగలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఆమె అరచేతులకి మందు రాస్తూ, ఆ రోజు నీకేమైనా గుర్తుందా అత్తా అన్నాను.

"ఏలెట్టాను. పట్టింది" అంది తాపీగా. "అద్దం సల్లగా నేదే ఆయేల."

జ్వరంలో కలగని ఉంటుంది. మూడు వారాలుగా మనసంతా ఆ వేలి మీదే ఉన్న మనిషికి ఇంకేం కల వస్తుంది? అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ కల నా ఫోనులోకి ఎలా వచ్చింది? గీతలే లేని వేలిని మెషీను ఎలా గుర్తుపట్టింది? ఆ మెసేజ్ ఇప్పటికీ చెరపలేదు. మా ఆఫీసులో ఎవరికీ చూపించలేదు, నవ్వుతారని కాదు, నన్ను కారణం అడుగుతారని.

మందు తగ్గించి ఇచ్చి కీమో పూర్తి చేశారు. ఎండాకాలానికి వేళ్ల మీద గీతలు తిరిగొచ్చాయి. అత్త డ్యూటీలో చేరిన రోజు మెషీను మొదటిసారికే పట్టిందని తనే వీధంతా చెప్పుకుంది.

ఇప్పుడు రోజూ ఆరింటికి అటూ ఇటుగా మెసేజ్ వస్తుంది. అత్త వెళ్లడం నా కళ్లతో చూస్తాను, వెనకే తలుపు వేసుకునేదీ నేనే. అయినా ఫోను మోగగానే స్టవ్ కట్టేసి ఆమె గది తలుపు తీస్తాను. మంచం ఖాళీగా ఉందని చూసుకున్నాకే మళ్లీ టీ దగ్గరికి వస్తాను.