మారెన్న రాగిచుట్ట

కోడుమూరులో గేట్లు, కిటికీలు వెల్డింగు చేసుకునే మారెన్న 2007 దాకా సోలార్ హీటరు జోలికి పోలేదు. ఆ ఏడు కర్నూలు వ్యాపారి గోవిందయ్య విదేశీ గాజుగొట్టాల హీటరు తెప్పించి, కోడుమూరు ఆడపిల్లల హాస్టలు మిద్దె మీద పెట్టించాడు. మన కంపెనీల హీటర్ల కన్నా అది చవక. ఎనిమిది నెలలకే నీళ్లు కాగడం మానేశాయి. గోవిందయ్య మారెన్నను పిలిపించాడు.

గొట్టం ఊడదీస్తే లోపలంతా తెల్లటి గార.

"మన బోరునీళ్లలో ఉప్పు శానా ఉండాది శెట్టీ. ఇది చేసినోళ్లు మన నీళ్లు యాడ చూసినారు?" అన్నాడు మారెన్న.

"ఇప్పుడేం చేద్దామప్పా?"

"ఆ నీళ్లు గొట్టాల్లోకి పోకుండా చూడాల."

పది రోజులు ఆలోచించాడు. హీటరు తొట్టినీ గొట్టాలనూ వాననీళ్లతో నింపి మూసేశాడు. ఎండకు కాగేది ఆ నీళ్లే. తొట్టి మధ్యకు రాగిగొట్టపు చుట్ట ఒకటి దించాడు. బోరునీళ్లు ఆ చుట్టలో చల్లగా దూరి వేడిగా బయటికొచ్చాయి. పిల్లలు బకెట్లతో వరుసకట్టారు.

నాలుగు నెలలకు ధార సన్నబడింది. గార ఈసారి చుట్టలో పట్టింది. మారెన్న దాన్ని ఊడదీసి, హాస్టలు వంటింటి ముందర దిగులుగా కూర్చున్నాడు. వంటమనిషి రాహేలమ్మ తొంగిచూసింది.

"రాగే కదప్పా. రాగిచెంబు దేంతో తోముతాం? చింతపులుసు కాంచి పోసి, పొద్దుగూకేదాకా ఉండనీ."

సాయంత్రానికి గార మెత్తబడి, నీళ్లు పోయగానే పిండిలా జారిపోయింది. ఆ తర్వాత, నాలుగు బోల్టులు విప్పితే చుట్టను ఎవరైనా బయటికి తీసుకునేలా మారెన్న మార్చాడు.

కబురు విని బెంగళూరు సోలార్ కంపెనీ నుంచి సాహితి అనే ఇంజనీరు వచ్చింది. మిద్దె మీద గంటసేపు కొలతలు రాసుకుంది.

"ధరలో బయటిదేశాల వాళ్లతో మేం నెగ్గలేకపోతున్నాం. ఉప్పునీళ్లకు నిలిచే హీటరు మాత్రం వాళ్ల దగ్గర లేదు. ఈ పద్ధతి మాకిస్తారా?"

"ఇస్తా మేడం. చుట్టలు మాత్రం ఈడే చేయాల. శుభ్రం చేసే ఉపాయం రాహేలమ్మక్కది. ఆమె పేరు కూడా రాయండి."

సాహితి నవ్వి, రెండూ ఒప్పుకుంది.

రెండేళ్లలో మారెన్న షెడ్డులో ఆరుగురు పనివాళ్లు చేరారు. మంగంపేట నుంచీ బళ్లారి నుంచీ చుట్టలకు ఆర్డర్లు వచ్చాయి. కర్నూలులో ఒక పెద్ద లాడ్జీవాళ్లు విదేశీ హీటర్లు దించేసి ఇవి ఎక్కించారు. ఆ బేరం కుదిర్చింది గోవిందయ్యే. ఆయన ఇంకో ఇరవై చుట్టలు వెంటనే కావాలని వచ్చి అడిగితే, మారెన్న స్టూలు జరిపి చూపించాడు.

"కూర్చో శెట్టీ. నీకన్నా ముందు తొమ్మిది మంది ఉండారు."