రెండూ ఎడమ చేతులే

నా చెల్లెలు నలభై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. కత్తెర పట్టుకుంటే ఎవరి మాటా వినదు; పట్టుకోకపోయినా వినదు. నా చదువు మూడో తరగతితో ఆగింది గానీ మనుషుల్ని గమనించడం ఆగలేదు. చూసిందే రాస్తున్నాను.

దాని మనవరాలు ఆ కుట్టు కొట్లోనే పెరిగింది. మూడేళ్లప్పుడు ఒకసారి పాలగ్లాసు తన్నేసింది. నువ్వు తన్నకపోయుంటే పాలు ఇప్పుడు ఎక్కడుండేవే అని అడిగాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, నేల మీది పాలు చూపించింది. దారపుండను బిడ్డను చేసి జోకొట్టే పిల్లకు ఈ చిన్న ప్రశ్న ఎందుకు కొరుకుడు పడలేదో నాకు అంతుపట్టలేదు. ఏదైనా ఒలికినప్పుడల్లా అడుగుతూనే వచ్చాను. ఐదు దాటాక ఒకరోజు, గ్లాసులోనే ఉండేవి, ఇది కూడా తెలీదా అన్నట్టు చెప్పింది.

ఈమధ్య ఒక టీచరమ్మ, పోయిన తల్లి శాలువా తెచ్చి కోటు కుట్టమంది. చెల్లెలు మాటల్లో పడింది. నాతోనే, ఒప్పుకుంటాను. రెండో చేతికి గుడ్డ తిరగేయకుండానే కత్తిరించింది. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. మిగిలింది అరచేతంత ముక్క. అలాంటి శాలువా ఇంకోటి ఎక్కడని తెస్తాం? చెల్లెలు కత్తెర కింద పెట్టేసింది.

"తిప్పి వేసుంటే సరిపోయేదక్కా."

నలభై ఏళ్లలో దాని నోట 'అలా చేసుంటే' అన్న మాట వినడం అదే మొదలు.

బల్ల కిందనుంచి పిల్ల బయటికొచ్చింది.

"ఆవిడకి రెండూ ఎడం చేతులే ఉంటే సరిపోయేది కదా అమ్మమ్మా?"

"ఉన్నాయా మరి?" అంది చెల్లెలు.

"లేవులే. ఉంటే అంటున్నా."

అంటూనే కత్తిరించిన చేతుల్లో ఒకదాన్ని బోర్లా తిప్పి తన కుడిచేతికి చుట్టుకుంది. అచ్చంగా కుడి చెయ్యే. కాకపోతే శాలువా లోపలివైపు, కాస్త వెలిసిన రంగు, పైకొచ్చింది. చెల్లెలు దాన్నే కుడిచేతిగా పెట్టి, కాలరూ జేబూ కూడా ఆ వైపే పైకి పెట్టి కుట్టింది.

టీచరమ్మ వచ్చాక మాత్రం ఇది సొగసు కోసం కాదు, నా తప్పే అని చెల్లెలు చెప్పేసింది. ఆవిడ కోటు వెలిసిన చేతిని నిమిరి, "అమ్మ ఒంటికి తగిలింది ఈ వైపే," అని కోటు వేసుకునే వెళ్లింది.

నా కుతూహలం ఊరుకుంటుందా? ఆ రోజు నేను మాట్లాడకుండా కూర్చుని ఉంటే ఏమయ్యేదే అని పిల్లను అడిగాను. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది.

"నువ్వు మాట్లాడకుండానా?" అంది చివరికి.

అంతదూరం దాని ఊహ ఇంకా పోలేదు.