అత్తమ్మ కట్టిన ఎర్ర గుడ్డ

ఎగరాలనే పిచ్చి మా ఇంట్లో మొదట పట్టింది మా ఆయనకు. నేను ఆ పిచ్చి వదిలించడానికే వెంట వెళ్లాను.

మా ఆయనకు మెదక్‌లో వరికోత మిషన్లు కిరాయికి తిప్పే పని. ఒక యాసంగి కోతలప్పుడు పాపన్నపేట దగ్గర పొలంలో మిషన్ నడుస్తుంటే, నెత్తి మీదుగా ఒక మనిషి వీపున మోటారు కట్టుకుని, పైన గుడ్డ రెక్కతో బర్రుమంటూ పోయాడట. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. "గా మనిషి ఎవరో ఎరుకైంది. కౌడిపల్లి ఆయనట. నేర్పిస్తడట. ఆదివారం పోదామా?" అన్నాడు. నేను ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నాకు మిగిలేదే ఒక్క ఆదివారం. సరే, పోయి నాలుగు ప్రశ్నలు అడిగి, మా ఆయన నోరు మూయించి వద్దామనుకున్నాను.

నేను అడగకముందే ఆ సారు నన్ను పడగొట్టేశాడు. యాభై దాటిన మనిషి. రైతు కుటుంబం. ఎక్కడో సముద్రపు ఒడ్డున టూరిస్టుల్ని ఎగరేసే పని చాలాకాలం చేసి, సొంతూరికి తిరిగొచ్చి, కోతలయ్యాక ఎండిపోయిన చేలల్లో నేర్పుతున్నాడు. మోటారు చూపిస్తూ ఆయన మొదట చెప్పింది అది ఎంత ఎత్తుకు పోతుందో కాదు, ఎప్పుడు పోకూడదో. గాలి జోరుగా ఉంటే పోవద్దు. మధ్యాహ్నం పోవద్దు, ఎండకు నేల మీది వేడిగాలి పైకి లేచి రెక్కను కుదిపేస్తుంది. మంజీర మీదికి పోవద్దు, నీళ్లలో పడితే మోటారు బరువు తేలనివ్వదు. ఏడుపాయల గుడికొచ్చే జనం మీదికి అసలే పోవద్దు. పోలీసుల అనుమతి లేని రోజు ఇంట్లోంచే బయలుదేరొద్దు.

"ఇన్ని వద్దులుంటే ఇంకెప్పుడు ఎగురుడు సార్?" అన్నాడు మా ఆయన.

"మిగిలిన టైముల," అన్నాడాయన.

లెక్కల టీచర్ని. తీసివేతతో పాఠం మొదలుపెట్టిన మనిషి మీద నాకు గౌరవం పుట్టకుండా ఎలా ఉంటుంది? తిరుగుదారిలో బండి మీద నోరు మూసుకుని కూర్చున్నది నేనే.

సామాను చూస్తే అంత పెద్దదేం కాదు. చేలో మందు కొట్టే పంపులా వీపున తగిలించుకునే చిన్న పెట్రోల్ మోటారు. దాని వెనక రెండు రెక్కల ఫ్యాను, ఫ్యాను చుట్టూ జాలీ. కూర్చోవడానికి బెల్టుల సీటు. కుడిచేతిలో యాక్సిలరేటరు, దాని మీదే ఇంజను ఆపే మీట. సీటు పక్కన సంచీలో ఇంకో చిన్న ప్యారాచూట్, పైన రెక్క మోసం చేస్తే విసరడానికి. హెల్మెట్‌లో వాకీటాకీ, కింద నుంచి సారు మాట వినపడటానికి. ఇక అసలుది రెక్క. పరిస్తే చేనంత పొడుగు కనిపిస్తుంది, మడిస్తే ఒక మూట. దాన్నుంచి వచ్చే సన్నటి దారాలు చిక్కు పడితే విడదీయడానికి నాలాంటి కోపిష్టి మనిషికి దేవుడు వేరే ఓపిక ఇవ్వాలి.

వేసవి సెలవులు వచ్చాయి. రోజూ తెల్లవారుజామునే పొలానికి పోయేవాళ్లం. మొదట చాలా రోజులు మోటారే ముట్టనివ్వలేదు. గాలికి ఎదురుగా నిలబడి, రెక్కను నెత్తి మీదికి లేపి, పడిపోకుండా నిలపడం, అంతే. మా ఆయన్ని రెక్క గెట్టు మీదుగా ఈడ్చుకెళ్లింది. రెండోసారి ఈడ్చాక నడుము పట్టేసి, "నేను సామాను మోస్త తీయ్, నువ్వే నేర్చుకో," అని పెట్రోల్ డబ్బా అందుకున్నాడు. నన్ను కూడా ఈడ్చింది. నాకు నడుము కాదు, తిక్క పట్టింది. దారాలు పట్టుకుని కసిగా లాగితే రెక్క ఇంకా పక్కకు ఒరిగేది.

"గుంజకుండ్రి మేడం, అది ఎద్దు గాదు. జెర వదులుండ్రి, అదే లేస్తది," అనేవాడు సారు. ఆ గొంతు ఒక్కరోజూ పెరగలేదు. నేను క్లాసులో చాక్‌పీసు విసిరిన రోజులన్నీ గుర్తొచ్చి సిగ్గేసేది.

ఆయన తనిఖీ చూడాలి. ఎగిరే ముందు ప్రతి బోల్టునూ, బెల్టునూ వేలితో ముట్టుకుని పైకి దాని పేరు చెబుతాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి. జేబుల్లో ఏదీ ఉండకూడదు. బూటు లేసుల కొసలు లోపలికి దోపాలి. నేను చుడీదార్‌లో పోయిన మొదటిరోజే "చున్నీ ఇంట్ల వెట్టి రాండ్రి," అన్నాడు. వేలాడే వస్తువు ఏదైనా ఫ్యాను లాక్కుంటుంది. చేను చుట్టూ నడిపించి కరెంటు స్తంభాలు చూపించాడు. "పైకెల్లి వైర్లు కనవడయ్. స్తంభాలు కనవడ్తయ్. రెండు స్తంభాలు సూశినవంటే నడుమ వైరు ఉన్నట్టే." ఇంత జాగ్రత్త గల మనిషి దగ్గర నాకు భయం ఒక్కటే మిగల్లేదు, కోపం, తొందర అలాగే ఉన్నాయి.

భయమంతా మా అత్తమ్మకు. చేలో ఏదో గుడ్డతో కసరత్తు చేస్తున్నామనుకుంది పాపం. మేము సొంతంగా కొన్న మోటారు ఇంటికొచ్చిన రోజు అసలు సంగతి తెలిసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మోటారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇంటికి ఏ బండొచ్చినా ఏడుపాయల అమ్మ కాడ పూజ గావాలె. కోత మిషన్లకు చేయించలేదా? ఇది ఆకాశంల పోయేది. దీనికింక ముందుగాల చేయించాలె," అంది.

ట్రాలీ ఆటోలో మోటారును ఎక్కించుకుని పోయాం. పంతులు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "టైర్లేవమ్మా? నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలె?"

"టైర్లు లేకుంటేంది? ఉరికేది నా కోడలే గదా. ఆమె కాళ్ల కింద పెట్టుండ్రి," అంది అత్తమ్మ.

వీపున మోటారు తగిలించుకుని, వెనక లైనులో ఉన్నవాళ్లంతా ఫోన్లు తీసి ఫొటోలు కొడుతుంటే, రెండు నిమ్మకాయలు తొక్కి నడిచాను. మా ఆయన నవ్వాపుకోలేక మండపం వెనక్కి పోయాడు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన ఎర్ర గుడ్డను జాలీకి ముడి మీద ముడి వేసి కట్టింది.

"గీ గుడ్డ నీతోని ఉంటే నాకు బుగులు లేదు బిడ్డా. ఇది లేకుంట పైకి పోనని మాటియ్యి."

మాటిచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను? నన్ను ఆపగల మనిషి ఆపకుండా, ఒక గుడ్డముక్కతో సరిపెట్టుకుంది.

మర్నాడు చేలో సారు వేలు ఒక్కొక్కటే ముట్టుకుంటూ వచ్చి ఆ గుడ్డ దగ్గర ఆగింది. "ఇది ఉండొద్దు మేడం."

"మా అత్తమ్మ గట్టిగ ముడేసింది సార్. ఊడదు."

"ముడి ఊడదు. కొస చినుగుతది. ఆ పోగు ఫ్యాన్ల వడితే ఫ్యాన్ పలుగుతది." మోటారును స్టాండుకు బిగించి, ఇంజను పెంచి, దూరం నుంచి జాలీ ముందుకు ఒక గుప్పెడు వరిగడ్డి విసిరాడు. గడ్డి కిందపడనే లేదు. అటువైపు పొడిగా లేచింది.

నాకు చిర్రెత్తింది. ఆ రోజు మోటారుతో మొదటిసారి పరుగెత్తాల్సింది మరి. "అయితే ఇప్పేస్త సార్. ఇంటికి పోయేటప్పుడు మళ్ల కడ్త. ఆమెకేం ఎరుకైతది?"

"వద్దు," అన్నాడు. "ఆమెకు చెప్పకుంట ఇప్పితే పైన మీ మనసు మీ చేతుల ఉండది. రేపు పెద్దమ్మను తోలుకరాండ్రి."

ఆ రోజంతా ఆయన మీద బుసలు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అత్తమ్మ వచ్చింది. సారు ఆమె ముందూ గడ్డి విసిరి చూపించాడు. ఇంజను ఆగాక ఆమె జాలీ మీది ముడిని తడిమింది. "అమ్మ గుడ్డను పారేయమంటవా సారూ?" అంది.

"పారేస్తమా పెద్దమ్మ?" చేను గెట్టు మీద ఒక వెదురు బొంగు పాతి ఉంటుంది. దాని కొసకు యూరియా సంచి ముక్క. సారు బొంగును వంచి ఆ ముక్క తీసేశాడు. "ఎగిరే ముందల గాలి ఎటుందో సూశేది దీన్నే. దిగేటప్పుడు పైకెల్లి సూశేది గూడ దీన్నే. మీ గుడ్డ ఇక్కడ కట్టుండ్రి. దీన్ని సూడకుంట ఈ చేన్ల ఎవ్వరు భూమి ఇడువరు."

అత్తమ్మ నా ముఖం చూసింది. తర్వాత తన చేత్తో జాలీ ముడులన్నీ విప్పి, బొంగు కొసకు కట్టింది.

ఆనాటి నుంచి రోజూ మా కంటే ముందే తయారై కూర్చునేది. పొలంలో బోర్లించిన బకెట్టు ఆమె కుర్చీ. గుడ్డ ఎటు ఊగితే గాలి అటు పోతున్నట్టు, మేము దానికి ఎదురు దిక్కుకు ఉరకాలని సారును అడిగి తెలుసుకుంది. గుడ్డ వేలాడితే ఏంటి, కొట్టుకుంటే ఏంటి అని అడిగింది. కొన్నాళ్లకు నేను రెక్క పరుస్తుంటేనే "అటు గాదు, జెర ఇటు తిప్పు," అని మొదలుపెట్టింది. సారు నవ్వి తల ఊపేవాడు.

నేను మోటారుతో పరుగెత్తడం, గాల్లోకి లేవకముందే ఆపడం నేర్చుకునేసరికి వానలు దగ్గరపడ్డాయి. చేను యజమాని మర్నాడు ట్రాక్టర్ దింపుతానన్నాడు. దున్నితే మళ్లీ వచ్చే యాసంగి కోతల దాకా ఆ చేను మాకు లేదు. మిగిలింది ఆ సాయంత్రం ఒక్కటే. మోటారు తగిలించుకుని, రెక్క వెనక పరిచి నిలబడ్డాను. సారు మబ్బుల వైపే చూస్తున్నాడు.

"ఇయ్యాల కాకుంటే ఏడాది ఆగాలె సార్! చెప్పుండ్రి, ఉరకాల్నా?" అని అరిచాను.

జవాబు బకెట్టు మీది నుంచి వచ్చింది. "మోటారు దించు బిడ్డా. గుడ్డ ఇటు తిరిగింది, మళ్ల అటు తిరిగింది."

సారు అవునన్నట్టు చెయ్యి కిందికి ఊపాడు. ఏడుపొచ్చింది నాకు. బెల్టులు విప్పి, రెక్క మూట కట్టేలోపే దుమ్ము లేచింది. కోసిన వరి కొయ్యకాళ్ల మీది గడ్డి అంతా గిర్రున తిరిగింది. అత్తమ్మ బకెట్టు గెట్టు దాటి దొర్లిపోయింది. ఎర్ర గుడ్డ బొంగును వంచేసేటంతగా కొట్టుకుంది. ఆ గాలిలో నేను పైన ఉండాల్సింది. నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి.

తెల్లవారుజామున నన్ను లేపింది అత్తమ్మే. "లే. ట్రాక్టర్ వచ్చెటాలకు పోయొద్దాం." చేలో సారు అప్పటికే ఉన్నాడు. గాలి చల్లగా, ఒకే దిక్కు నుంచి, మెల్లగా వస్తోంది. అప్పుడే ట్రాక్టర్ వచ్చింది. డ్రైవరు మమ్మల్ని చూసి, ఇంజను బంద్ చేసి, గెట్టు మీద నిలబడ్డాడు.

తనిఖీ పూర్తయింది. సారు నా వైపు కాదు, అత్తమ్మ వైపు చూశాడు. ఆమె గుడ్డ వైపు చూసింది.

"ఇప్పుడు పో బిడ్డా," అంది.

ఉరికాను. రెక్క నెత్తి మీదికి వచ్చింది. యాక్సిలరేటరు నొక్కాను. కాళ్లు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాయి, కింద నేల లేదు. చెవిలో సారు గొంతు, ఎప్పటిలాగే మెల్లగా, "మస్తున్నది మేడం, అట్లనే పోనియ్యుండ్రి," అంటోంది. దూరంగా మంజీర వంపు, మెదక్ ఖిల్లా గుట్ట, చర్చి శిఖరం కనబడ్డాయి. రోజూ చూసే ఊరే. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనే.

చేను చుట్టూ తిరిగి రమ్మన్నాడు, తిరిగాను. ఇక దిగమన్నాడు. స్తంభాలు చూసుకుని, ఇంజను ఆపేశాను. అంత చప్పుడు తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. గాలి ఎటుందో తెలియాలి. కిందికి చూశాను. ఆ చేలన్నిట్లో నాకు కావలసింది ఒకే ఒక్కచోట ఊగుతోంది. దానికి ఎదురుగా తిరిగి దిగాను, రెండు చేతులా రెక్క దారాలను లాగి పట్టి, నాలుగడుగులు ఉరికి ఆగాను.

మా ఆయన మోటారు అందుకున్నాడు. అత్తమ్మ నా చేతులు, మోచేతులు, మోకాళ్లు తడిమి చూసింది, సారు తనిఖీ చేసినట్టే, ఒక్కొక్కటీ. అన్నీ సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరాక అడిగింది:

"పైకెల్లి నా గుడ్డ కనవడ్డదా?"

"దిగేటప్పుడు అదొక్కటే సూశిన అత్తమ్మా," అన్నాను.