తడిసిన ఉలవకట్టె

మంచు కురిసిన ఉదయాల్లో జీపు డ్రైవరు తిప్పేస్వామి రోడ్డును నమ్మడు. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఎవరైనా దారి మీద ఉలవకట్టె పరిస్తే చాలు, జీపు ఆపి, చెప్పు విడిచి, అరికాలితో రాసి జారుడు చూస్తాడు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు పొద్దుపోతోందని జీపులో జనం సణిగినా, కట్టె పక్కకు ఈడ్చిగాని కదలడు. పరిచినవాళ్లను దొంగల్ని చూసినట్టు చూస్తాడు.

ఆ రోజు గుడిబండ మలుపులో, కట్టె పరిచిన ఉలిగమ్మకు ఒళ్లు మండింది. "అందరూ తొక్కి పోతాండారు. నీకొక్కనికే ఏమప్పా ఇంత అనుమానం?"

తిప్పేస్వామి వంచిన తల ఎత్తలేదు. "పోయినేడు ఈడ కారు బోల్తాపడి ఇద్దరు పోయిరి గదా. ఆ పొద్దు పరిచిండేది నా ఉలవలేమ్మా" అన్నాడు.

అప్పుడు పోలీసులు అడిగితే, గుంపులో నిలబడి అతనూ ఎవరివో తెలీదన్నాడు.