ఆఖరిపేజీ గారు

మా డయాలిసిస్ గదిలో టెక్నీషియన్‌కు ఒకటే జబ్బు. ఎవరినైనా సరే పిలిచి మరీ కామిక్సు పుస్తకం ఇస్తాడు, కానీ అందులో ఆఖరి నాలుగు పేజీలు ఇవ్వడు. పిన్ను విప్పి ఆ పేజీలు తీసి, మన కుర్చీ నంబరు రాసిన కవర్లో పెట్టి, ఇనప బీరువాలో పడేసి తాళం వేస్తాడు. మళ్లీ డయాలిసిస్‌కు వచ్చినప్పుడు ఇస్తాడు. అదీ ఊరికే కాదు, ఆయనతో పావుగంట వాదించాక. అందుకే అందరం ఆయన్ని ఆఖరిపేజీ గారు అంటాం. మా రోగాలకు మందులున్నాయి గానీ ఆయన రోగానికి లేవు.

నేను ఇరవై ఆరేళ్లు లిఫ్టు మెకానిక్‌గా పనిచేశాను. రెండేళ్ల నుంచి వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, నా కిడ్నీల పని మిషన్ చేస్తుంటే కుర్చీలో పడి ఉంటున్నాను. రోజుకు లీటరు నీళ్లకు మించి తాగకూడదు. అరటిపండు వైపు చూడకూడదు. ఎడమచేతి నరం పనికిరాలేదని, సూదులు గుచ్చడానికి నేను రాసే చేతికే ఆపరేషన్ చేశారు. ఇలాంటి మనిషికి లోకం మీద ఎంత ప్రేమ ఉంటుందో మీరే ఊహించుకోండి.

మొదటిరోజు నా కుడిచేతికి సూది గుచ్చుతూ ఆయన అడిగాడు.

"మీకు ఎగిరేవాడు ఇష్టమా, నడిచేవాడు ఇష్టమా?"

"ఎవడు?"

"హీరో అండీ. తోకచుక్క ఎగురుతాడు. మేస్త్రి నడుస్తాడు. మేస్త్రికి ఏ శక్తీ లేదు. ఒక సంచి, అందులో తాపీ, సుత్తి, తాడు. అంతే."

"శక్తి లేనివాడు హీరో ఎలా అవుతాడు?"

"అదే వాదిద్దాం. ముందు చదవండి."

"నాకు యాభై ఆరేళ్లండీ."

"మేస్త్రికీ అంతే."

చదివాను. వేరే పనేముంది గనక? దుర్మార్గుడు ఆనకట్ట గేట్లు ఎత్తాడు, మేస్త్రి సంచి భుజాన వేసుకున్నాడు, అక్కడితో పుస్తకం అయిపోయింది. మిగతాది ఏదని అడిగితే "బుధవారం" అన్నాడు, నా బీపీ రాసుకుంటూ.

సిఫారసులకు ఆయనకు హద్దూ అదుపూ లేదు. రక్తపరీక్ష కాగితం చూసి పుస్తకం చెప్పేవాడు. "మీకు పొటాషియం పెరిగింది. తోకచుక్క వద్దు, గుండెదడ. మేస్త్రి పాత సంచికలు రెండు చదవండి." నేల తుడిచే ఆవిడకు ఇచ్చాడు. కిడ్నీ డాక్టరుకు ఇచ్చాడు. వాదనలో ఓడిపోయిన దగ్గర్నుంచి ఆ డాక్టరు మా గదిలోకి ఆయన భోజనానికి వెళ్లాకే వచ్చేవాడు. మూడో కుర్చీలోని పోస్టుమాస్టరు భరించలేక సూపరింటెండెంటుకు ఫిర్యాదు రాశాడు. సూపరింటెండెంటు కోపంగా విచారణకు వచ్చాడు. పోయేటప్పుడు చంకలో పుస్తకం ఉంది. రెండు రోజుల తర్వాత గుమ్మం దగ్గర నిలబడి, "ఏమయ్యా, ఆ నాలుగు పేజీలు..." అని నసుగుతుంటే పోస్టుమాస్టరు మొహం చూడాలి.

నాతో ఆయన వాదన రెండేళ్లు తెగలేదు.

"జనాన్ని పైకి చేర్చడమే నా వృత్తి. ఎగిరేవాడే గొప్ప," అనేవాణ్ణి.

"ఎగిరేవాడికి మెట్లెక్కేవాడి కష్టం ఏం తెలుసండీ?"

"మెట్లెక్కడం కష్టమనే కదా లిఫ్టు పెట్టింది."

ఇంతలో మిషన్ కూసేది. "బీపీ నూట ఎనభై. ఓడిపోయానని ఒప్పుకోండి, తగ్గుతుంది," అనేవాడు. ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ మధ్య నా తమ్ముడు కిడ్నీ ఇస్తానన్నాడు. పరీక్షలన్నీ సరిపోయాయి. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వాళ్లావిడ ఎత్తి, "ఆయన స్నానం చేస్తున్నారు బావగారూ," అనేది. ఆరు వారాలు స్నానం చేశాడు. అంత శుభ్రమైన మనిషి మా వంశంలో ఇంకొకడు పుట్టలేదు.

ఒక సోమవారం సాయంత్రం మా ఆవిడతో చెప్పేశాను. "ఎల్లుండి ఒక్కరోజు వెళ్తాను. శుక్రవారం నుంచి ఇక వెళ్లను." వెళ్లకపోతే ఎన్నాళ్లుంటానో ఇద్దరికీ తెలుసు. ఒక వారం, మహా అయితే రెండు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఎవరికో ఫోన్ చేసింది. నా తమ్ముడికేమో, ఇంకా ఒళ్లు తుడుచుకోలేదేమో అనుకున్నాను.

బుధవారం ఆఖరిపేజీ గారు ఒక పాత మేస్త్రి సంచిక చేతిలో పెట్టాడు. శుక్రవారం పొద్దున మంచం దిగకుండా అది చదివాను. మేస్త్రి పదకొండో అంతస్తులో లిఫ్టు ఎక్కాడు. దుర్మార్గుడు తాడు కోశాడు. లిఫ్టు రాయిలా కిందికి పడుతోంది. పేజీలు అయిపోయాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. లిఫ్టుకు ఒక్క తాడు ఎక్కడైనా ఉంటుందా? నాలుగైదుంటాయి. అన్నీ తెగినా, వేగం హద్దు దాటగానే బ్రేకు పట్టాలను కరిచి పట్టుకుంటుంది. నా చేతులతో ఎన్ని వందల బ్రేకులు బిగించాను. ఇదంతా మా ఆవిడ మీద అరిచాను.

"నాకు చెప్తే ఏం లాభమండీ? ఆయనకు చెప్పండి," అంది.

"చెప్తాను. నాకేం భయమా?"

"చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను."

వెళ్లాను. బరువు చూస్తే రెండున్నర కిలోల నీరు చేరి ఉంది. ఆయన ముందు సూదులు గుచ్చాడు, తర్వాత నేను చెప్పేదంతా చేతులు కట్టుకుని విన్నాడు. చివరికి బీరువా తెరిచి నాలుగు పేజీలు ఇచ్చాడు.

కాగితం కొత్తది. స్కెచ్ పెన్ను రంగులు గీతలు దాటిపోయాయి. తోకచుక్క వచ్చి లిఫ్టును వీపు మీద మోస్తుంటే మేస్త్రి లోపలినుంచి తాడు ముడివేస్తున్నాడు. నా జన్మలో అంత దరిద్రమైన బొమ్మలు చూడలేదు. పైగా మేస్త్రికి, తోకచుక్కకు, ఆఖరికి దుర్మార్గుడికి కూడా మోచేతి మడత దగ్గర దూది, దాని మీద అడ్డంగా టేపు ఉన్నాయి. రోజంతా మా చేతులే చూసేవాడికి చెయ్యి అంటే అదే మరి.

"ఇవి మీరే వేశారు," అన్నాను.

ఆయన తుడిచిన మిషన్‌నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"అసలు పేజీలేవి?"

"ఉన్నాయండీ. వాటిలో మేస్త్రి చచ్చిపోతాడు. సోమవారం అమ్మగారు ఫోన్ చేశాక, అవి మీకు ఇవ్వబుద్ధి కాలేదు."

"మరి ఆ పుస్తకమే ఎందుకిచ్చారు?"

"నా దగ్గర లిఫ్టు ఉన్నది అదొక్కటేనండీ."

నాకు సిగ్గేసింది. గది చుట్టూ చూశాను. ఆరు కుర్చీలూ నిండి ఉన్నాయి. పోస్టుమాస్టరు తన నాలుగు పేజీల కోసం నర్సుతో పోట్లాడుతున్నాడు. ఇన్నాళ్లూ ఈ గదికి రావడం ఎవరూ ఎందుకు ఎగ్గొట్టరో నాకు తట్టనే లేదు. నా బుర్రకు బ్రేకు ఎప్పుడో పడింది.

"లిఫ్టు మొత్తం తప్పు. బ్రేకు లేకుండా వేశారు. పెన్ను ఇవ్వండి," అన్నాను.

"ఆ చేతికి సూదులున్నాయి. సోమవారం గంట ముందు రండి. ఆ నాలుగు పేజీలూ మళ్లీ మీరే వెయ్యండి. కానీ తోకచుక్కను తీసెయ్యడానికి వీల్లేదు."

"బ్రేకు ఉన్నాక వాడితో పనేంటి?"

"అంటే ఎగిరేవాడు అక్కర్లేదని ఒప్పుకున్నట్టేనా?"

మిషన్ కూసింది.

సోమవారం స్కేలు, పెన్సిలు పట్టుకుని గంటన్నర ముందే వెళ్లాను. గది ఇంకా తెరవలేదు. "ఇంత తొందరగా వచ్చారేంటి సార్? ఒంట్లో బాగాలేదా?" అని వాచ్‌మన్ కంగారుగా లేచాడు.

"పనుంది," అన్నాను. రెండేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి.