వెనక బెంచీకి కనిపించే అక్షరం

మా టీచరు గారు పోయారు. ఆ కబురు నాకు రెండు దారుల్లో వచ్చింది. తెనాలిలో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే రేపల్లె నుంచి ఆవిడ పక్కింటి వదిన ఫోన్ చేసింది. "అమ్మాయ్, టీచర్ గారు ఇక లేరే. తెల్లవారుజామున ఆసుపత్రిలోనే పోయారు. సాయంత్రం నాలుగింటికి సమాధి చేస్తారంట, వచ్చెయ్" అని ఏడ్చింది. ఫోన్ పెట్టేసేలోపే మా పేట చర్చి వెబ్‌సైటు నుంచి ఒక లింకు వచ్చింది. తెరిస్తే పైన ఆవిడ ఫొటో, కింద లేత బూడిద రంగులో గసగసాలు చల్లినట్టు నాలుగు వరసల అక్షరాలు. అవి చెబుతున్నదీ ఆ కబురే. నా కళ్ళు ఇంకా బాగున్నాయి కాబట్టి చదవగలిగాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలు రాస్తారు. నేనూ రాస్తాను, ఆవిడ దగ్గర మంచికి కొదవ లేదు. కానీ నాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువగా ఉంది. దాన్ని దాచి రాస్తే అది ఆవిడకి నచ్చదు. కాంపోజిషన్ నోట్సుల్లో మేం అతి వినయంగా రాసిన వాక్యాలన్నీ కొట్టేసి, "నీకేం అనిపించిందో అది రాయవే, నాకు నచ్చేది కాదు" అనేది.

రేపల్లెలో ఒక చిన్న ఎలిమెంటరీ స్కూల్లో ఆవిడ మాకు మూడో తరగతి చెప్పింది. మెతక మనిషేం కాదు. చెవి మెలిపెడితే మధ్యాహ్నం అన్నం తినేదాకా మంట పోయేది కాదు. చిన్నచిన్న అక్షరాలతో రాస్తే పలక పైకెత్తి క్లాసంతటికీ చూపించి, "ఇది ఎవరికి రాశావే, చీమలకా?" అని అడిగేది. అందరూ నవ్వేవాళ్ళు. అలా నవ్వులపాలైంది ఎక్కువసార్లు నేనే.

ఆవిడకి ఒక అలవాటుండేది. బోర్డు మీద పాఠం రాయడం అయిపోగానే సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, తిన్నగా ఆఖరి బెంచీ దగ్గరికి నడిచేది. అక్కడి పిల్లల్ని జరగమని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చునేది. అక్కడి నుంచి తను రాసిందంతా పైకి చదువుకునేది. ఎక్కడైనా ఒక వత్తు పై అక్షరానికి అతుక్కుపోయి కనిపిస్తే లేచి వెళ్ళి ఆ వరసంతా తుడిచి మళ్ళీ రాసేది. మాకది వింతగా ఉండేది. తను రాసిందే కదా, తనకి తెలీదా అనుకునేవాళ్ళం. ఒకసారి ఎవరో అడిగేశారు కూడా. "రాసినవాళ్ళకి రాసిందేంటో ఎలాగూ తెలుసురా. తెలీనివాడు వెనక కూర్చుంటాడు. వాడి దగ్గర్నుంచి చూడాలి" అంది.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక స్కూలువాళ్ళు పక్కన పడేసిన ఒక పాత నల్లబోర్డు తెచ్చుకుని ఇంటి గేటుకి వేలాడదీసుకుంది. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉండేది. వీధిలోవాళ్ళతో చెప్పాల్సినవన్నీ ఆ బోర్డు మీదే రాసేది. "గేటు వేసి వెళ్ళండి, మేకలు వస్తున్నాయి." "ఈ రోజు కొళాయి నీళ్ళు మురికిగా ఉన్నాయి, కాచుకుని తాగండి." "భట్టిప్రోలు వెళ్తున్నాను. పాలు పక్కింట్లో ఇవ్వండి." ఒక్కో అక్షరం అరచేయంత. రోడ్డు అవతల కాలవ గట్టు మీద నడిచేవాళ్ళకి కూడా కనిపించేది. మా పేటలో సగంమంది వయసు మీదపడినవాళ్ళు. వాళ్ళు పొద్దున్నే ఆ గట్టు మీదుగా పోతూ బోర్డు చదువుకుని, "టీచరమ్మ ఇవాళ ఊళ్ళో లేదంట" అని చెప్పుకునేవాళ్ళు.

తర్వాత ఆవిడ చూపు దెబ్బతింది. శుక్లాలకి ఆపరేషన్ చేయించుకుంటే కొన్నాళ్ళు బాగుంది. ఆ పైన కంటి లోపల మచ్చలాంటిదేదో వచ్చింది. సన్న అక్షరాలు కలిసిపోతాయి కానీ పెద్దవి బాగానే చదవగలరని బాపట్ల కళ్ళ డాక్టరు చెప్పాడు. ఆవిడ ఆ రెండో మాటే గట్టిగా పట్టుకుంది. ఎవరైనా ప్రేమగా, "ఇలా ఇవ్వండి, మేం చదివి పెడతాం" అంటే ఒప్పుకునేది కాదు. "చదివిపెట్టడం సాయం కాదే. నా చదువు నా చేతిలోంచి తీసేసుకోవడం" అనేది.

ఎందుకంటే ఆవిడకి మిగిలిన పని ఒక్కటే, ఆదివారం చర్చిలో ముందు నిలబడి ఆ వారం బైబిలు పాఠం చదవడం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది ఆవిడే చదివేది. గొంతు పెద్దది కాదు గానీ ప్రతి మాటా గోడ దాకా వెళ్ళేది. అందుకోసం శనివారం తలంటుకుని, గంజి పెట్టిన తెల్లచీర తీసి పెట్టుకునేది. వారమంతా ఆ ఆదివారం కోసమే బతికేదని చెప్పినా ఎక్కువేం కాదు.

నేను తెనాలిలో వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసులో చేరినప్పుడు ఆవిడకి నా పనేంటో చెప్పడానికి తంటాలు పడ్డాను. చివరికి, "ఫోన్లో కనిపించే బోర్డులు రాస్తానండి" అన్నాను. ఆవిడకి వెంటనే అర్థమైంది. "అయితే ఆఖరి బెంచీ ఎక్కడుందే?" అని అడిగింది.

ఆ ప్రశ్న మా ఆఫీసులో ఎవరూ అడగరు. సెలవులకి రేపల్లె వెళ్ళినప్పుడల్లా ఫోను ఆవిడ చేతిలో పెట్టేదాన్ని. వరండాలో ఎండ పడేచోట కుర్చీ వేసుకుని, ఫోను చేయి చాచినంత దూరాన పట్టుకుని చూసేది. బూడిద రంగు అక్షరాలు కనిపిస్తే, "ఇక్కడేంటి, బూజు పట్టిందా?" అనేది. ఇంగ్లీషుకీ తెలుగుకీ ఒకే సైజు పెడితే ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. మా పనిలో అందరూ చేసే తప్పదే. ఇంగ్లీషుకి పదహారు సైజు పెడితే సుఖంగా కనిపిస్తుంది. తెలుగుకీ ఆ పదహారే పెడితే తలకట్టు, గుణింతం, కింద వత్తు, అన్నీ ఆ కాస్త జాగాలోనే ఒదగాలి. దాని మీద వరసలు దగ్గరగా పేర్చితే పై వరస వత్తులు కింది వరస తలకట్ల మీద కూర్చుంటాయి. ఇంగ్లీషు మాటల కొలతకి స్క్రీను మీద డబ్బాలు కట్టుకుని, తెలుగు అందులో పట్టకపోతే డబ్బా పెంచం, తెలుగుని కుదిస్తాం. మన భాషకి మనమే చేసే మర్యాద ఇది.

చర్చి కమిటీవాళ్ళు ఆదివారం పాఠాలు లావు అక్షరాల్లో ఉండే కాగితం అచ్చు వేయడం మానేసి వెబ్‌సైటు పెట్టుకోవాలనుకున్నారు. ఆ పని మా ఆఫీసుకే వచ్చింది, నా చేతికే ఇచ్చారు. నేను ఆవిడ వరండాని గుర్తు పెట్టుకుని చేశాను. పెద్ద అక్షరాలు, నల్ల రంగు, వరసల మధ్య ధారాళంగా జాగా. కమిటీ సెక్రటరీ గారు చూడ్డానికి తెనాలి వచ్చారు. మా ఓనరు ఆయన్ని గదిలో ఉన్న పెద్ద స్క్రీను ముందు కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు.

"ఏంటమ్మా ఇది, ఒకటో తరగతి వాచకంలా ఉంది?" అన్నారు సెక్రటరీ గారు. "మనవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు. హైదరాబాదులో చర్చిలవి చూడండి, ఎంత నాజూగ్గా ఉంటాయో."

"ఫోన్లో చూడండి సార్. మన పేటలో అందరూ ఫోన్లోనే చూస్తారు. పెద్దవాళ్ళు ఎక్కువమంది" అన్నాను.

"వాళ్ళ పిల్లలు చదివి పెడతార్లేమ్మా. పాఠమంతా ఒక్క స్క్రీన్లో పట్టాలి, కిందకి జరపకుండా."

నేను ఇంకా వాదించబోతే ఓనరు నా వైపు ఒక చూపు చూసి ఆ పని నా చేతిలోంచి తీసి పక్క సీటుకి ఇచ్చేశాడు. అక్షరాలు సగమయ్యాయి, నలుపు బూడిదయింది. వేళ్ళతో సాగదీస్తే పేజీ అందం చెడుతుందని ఆ వీలు కూడా తీసేశారు. ఆ పెద్ద స్క్రీను మీద అది చాలా అందంగానే ఉంది. సెక్రటరీ గారు దాన్ని ఒక్కసారి కూడా తన జేబులో ఉన్న ఫోన్లో తెరిచి చూడలేదు.

కొత్త పద్ధతి మొదలైన ఆదివారం నేను చర్చిలోనే ఉన్నాను. టీచరు గారు తెల్లచీరలో ముందుకెళ్ళి ఫోను చేయి చాచి పట్టుకుంది. ఇంకా దూరం జరిపింది, దగ్గరికి తెచ్చుకుంది. రెండు వేళ్ళతో సాగదీసింది. సాగలేదు. మళ్ళీ సాగదీసింది. మొదటి రెండు మాటలు చదివి ఆగిపోయింది. పాస్టరు గారు మర్యాదగానే లేచి, "కూర్చోండి టీచర్ గారూ, శ్రమ పడకండి" అని, ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి గడగడా చదివేసింది. టీచరు గారు ముందు వరసకి రాలేదు. నడుచుకుంటూ వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుంది.

ఇంటికొచ్చాక మంచినీళ్ళు తాగి, "నా కళ్ళు పోయాయనుకుంటున్నారే అందరూ. నా కళ్ళు ఉన్నాయి. అక్షరాలే పోయాయి" అంది.

వారం వారం పాఠం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి తెనాలి నుంచి పంపుతానన్నాను. ఒప్పుకోలేదు. "నా ఒక్కదానికి పంపితే సరిపోతుందా? గట్టు మీద నడిచేవాళ్ళంతా ఏం చేస్తారు? అందరికీ కనిపించేలా పెట్టమను, అప్పుడు చదువుతా." మర్నాడు గేటు బోర్డు మీద రాసింది: "ఆదివారం పాఠం పెద్ద అక్షరాల్లో కావాలి." దాన్ని చాలాకాలం తుడవలేదు. వానకి చెదిరితే మళ్ళీ దిద్దేది. సెక్రటరీ గారి బండి రోజూ ఆ గేటు ముందు నుంచే వెళ్ళేది. ఒకరోజు ఆవిడ ఆపి అడిగితే, "చూద్దామండి టీచర్ గారూ" అన్నారట. చూడలేదు. చదవడానికి వేరే అమ్మాయి దొరికింది కదా, ఇక తొందరేముంది?

శనివారం తలంటు ఆగిపోయింది. చర్చికి వచ్చేది, ఆఖరి బెంచీలో కూర్చుని వెళ్ళిపోయేది. పోయిన ఏడాది అంతా అలాగే గడిచింది. ఆవిడ గుండెజబ్బుతో పోయిందని డాక్టర్లు రాశారు. వాళ్ళు రాసింది నిజమే అయివుంటుంది. కానీ ఆ మనిషి అంతకుముందే కొంచెం కొంచెంగా పోవడం నేను చూశాను.

నేను రేపల్లె రైలు దిగి వెళ్ళేసరికి జనం బాగానే వచ్చారు. సెక్రటరీ గారు తెల్లచొక్కాలో హడావిడిగా తిరుగుతున్నారు. "అందరికీ తెలిసిందమ్మా, సైట్లో పెట్టాం, గ్రూపుల్లో పంపాం" అని నాతో గర్వంగానే చెప్పారు. టీచరు గారి గురించి ఆయన మాట్లాడినప్పుడు, "ఆవిడ కంఠం మన చర్చికి అలంకారం" అన్నారు. ఆ కంఠాన్ని ఎవరు ఆపారో నేను లేచి అడగాలనుకున్నాను. పక్కింటి వదిన నా చెయ్యి పట్టుకుంది.

ఆ రాత్రి టీచరు గారింట్లోనే వదినతో ఉండిపోయాను. మర్నాడు పొద్దున్నే రోడ్డు అవతల ఒక ఆటో ఆగింది. అందులోంచి బాపట్ల అక్కయ్యగారు దిగారు. ఆవిడా రిటైరైన టీచరే. మా టీచరు గారూ ఆవిడా టీచర్ ట్రైనింగులో ఒకే గదిలో ఉన్నారట, ఒకరినొకరు అక్కయ్యా అనే పిలుచుకునేవాళ్ళు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. ముఖం వెలిగిపోతోంది. గేటు దగ్గరున్న నన్ను చూసి రోడ్డు అవతల నుంచే మాట్లాడ్డం మొదలుపెట్టారు.

"అమ్మాయ్, నువ్వూ వచ్చావా! నిన్న ఫోన్లో వచ్చింది, మీ చర్చిలో అక్కయ్య నిలబడి చదువుతున్న ఫొటో. కింద ఏదో రాశారు గానీ నాకు కనపడి చావలేదు. అయితేనేం, ఫొటో చూడగానే తెలిసిపోయిందిగా, మళ్ళీ చదవమన్నారు! ఫోన్ చేస్తే ఎత్తదేం? సరే, నేనే వెళ్ళి చెబుదాంలే అని జంతికలు చేసుకొచ్చా. అవంటే పడి చస్తుంది."

వదిన లోపలికి పారిపోయింది. అక్కయ్యగారు రోడ్డు దాటబోయి, ఒక బండికి దారిస్తూ ఆగి, గేటు వైపు చూశారు. బోర్డు అలాగే ఉంది. ఆసుపత్రికి ఆటో ఎక్కే ముందు ఆయాసపడుతూ రాసిందట, వదిన చెప్పింది. అక్షరాలు కొంచెం వాలాయి గానీ ఒక్క వత్తు కూడా అతుక్కోలేదు. అక్కయ్యగారు కళ్ళజోడు కోసం వెతుక్కోలేదు. అక్కడి నుంచే పైకి చదివారు.

"ఆసుపత్రికి వెళ్తున్నాను. సాయంత్రానికి వచ్చేస్తాను."

చదివి, డబ్బా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, నా వైపు చూసి అడిగారు.

"ఇంకా రాలేదా అమ్మాయ్?"